అరువివ్వని చాకు

నా పాత చాకు అరోసా ఉప్పుకయ్యలో పడిపోయింది,
పోయిన మంగళవారం, ఎనిమిది బారల లోతున.
"నీది ఒక్కసారి ఇస్తావా" అని చెయ్యి చాపితే
అమాన్సియో వినిపించుకోలేదు.
రెండోసారి అడిగితే
"పళ్ళు తోముకునే బ్రష్షు కూడా ఇమ్మంటావా?" అన్నాడు.
తెప్ప మీద మగాళ్ళందరూ నవ్వారు.
ఉన్న ఒక్క ఆడదాన్ని, నేనూ నవ్వాను.
తాడును పళ్ళతో కొరికాను.

చేపల వేలంశాల వెనక ఒబ్దూలియా ఇనుపకొట్టు.
అక్కడ మేకులు తూకానికి, మాటలు ఊరికే.
పాత పేపరు పరిచి అయిదు చాకులు పెట్టింది.

ఒకదాని పొట్టలో పన్నెండు పనిముట్లు:
కత్తెర, బిరడా తీసేది, చెవిపుల్ల లాంటిదేదో.
"ఇది సెలవులకొచ్చే వాళ్ళకి" అని తనే పక్కకు నెట్టింది.
ఇంకోటి కొమ్ము పిడి, దాని మీద చెక్కిన లతలు.
బురద చూస్తే మూర్ఛపోయేలా ఉంది.
మీట నొక్కితే ఎగిరొచ్చే దాన్ని నేనే వద్దన్నాను,
దానికి నాకన్నా తొందర ఎక్కువ.

మిగిలినవి రెండు.
"చేతితొడుగు వేసుకో" అంది. "వేసుకుని తెరువు."
మొదటిది గోటికి తప్ప లొంగదు.
తొడుగులో ఉన్న చేతికి గోరెక్కడిది?
రెండోది పచ్చటి చెక్క పిడి, చూపుడువేలంత అలుగు,
మెడకు తిరిగే ఇత్తడి కంకణం.
బొటనవేలితో తోస్తే తలుపులా తెరుచుకుంది.
కంకణం తిప్పితే గడియపడింది.

సొరుగులోంచి తాడుముక్క తీసిచ్చింది.
నాలుగు కోతలు.
నాలుగోదీ మొదటిదానిలాగే తెగింది.
"ఉప్పుకి తుప్పు పడుతుందేమో" అన్నాను.
"పడుతుంది. తుడుచుకో.
తుప్పు పట్టనిది కావాలంటే ఉంది, సానకూ లొంగదు."
పద్దెనిమిది యూరోలు. బేరం ఆడితే మాట్లాడదు.

పొద్దున ఆల్చిప్పల తాళ్ళు, సంచుల మూతులు,
దూలాలకు పట్టిన గుల్లలు,
మధ్యాహ్నం రొట్టె, గట్టిబడ్డ జున్ను.
నడుమ ప్యాంటుకు రెండు తుడుపులు, అదే దాని స్నానం.
ఆదివారం మడత సందులో ఇసుకను సూదితో తీసి
ఆలివ్ నూనె ఒక బొట్టు. అంతకన్నా గారం చెయ్యలేదు.
ఒకరోజు బుద్ధిలేక ఇంజను మూత మరలో మొన పెట్టి తిప్పాను.
టిక్కుమంది.
ఆ రాత్రి గడపరాయి మీద గంటసేపు నూరితే
బియ్యపుగింజంత పొట్టిదై కొత్త మొన వచ్చింది.
అప్పటినుంచి ఎవరి చేతిలో చూసినా గుర్తుపడతాను.

నవంబరులో బ్రాయిస్ కాలికి తాడు చుట్టుకుంది.
పందొమ్మిదేళ్ళవాడు, ఎక్కడ నిలబడకూడదో ఇంకా తెలియదు.
క్రేను వదిలింది, తాడు పరుగెత్తింది,
వాడు వెల్లకిలా, నీలగిరి దూలం అంచుదాకా.
నాకు గుర్తున్నది నా బొటనవేలొక్కటే.
తాడు పుటుక్కుమంది.
బూటు ఒకటి నీళ్ళలోకి పోయింది,
పిల్లాడు మావైపు మిగిలాడు.

కంకణం తిప్పలేదని తర్వాత తెలిసింది.
తాడు తెగిన ఊపుకి అలుగు వెనక్కి మడిచిపడి
చూపుడువేలు లోపలివైపు చీరేసింది.
రుమాలు చుట్టుకున్నాను.

అమాన్సియో తాడు కొస పట్టుకుని చాలాసేపు చూశాడు.
"కొత్తది" అన్నాడు. "నలభై యూరోలు."
బ్రాయిస్ ఒంటిబూటుతో కూర్చుని వణుకుతున్నాడు.
ఎవరో వాడికి కాఫీ పోశారు.

భోజనాల దగ్గర అమాన్సియో జేబులు తడుముకున్నాడు.
రెండోసారి తడుముకున్నాడు.
ఇంటి దగ్గరే మర్చిపోయాడట.
చేతిలో నిమ్మకాయ, ముందు వేయించిన చేపలు.
నావైపు చెయ్యి చాపాడు.

"నిమ్మకాయ ఇటు పడేయ్" అన్నాను. "నేనే కోస్తా."

పులుపు రుమాలు దాటి గాయంలోకి దిగింది.
అలుగు మీద నీలంగా ఒక మరక లేచింది.
ప్యాంటుకు తుడిచాను.
పోలేదు.